టైలరమ్మ జెట్ బోటు

మా పోస్టాఫీసుకూ టైలరమ్మ కొట్టుకూ మధ్య ఒకటే గోడ. నేను ఉత్తరాల మీద ముద్ర వేస్తుంటే ఆ చప్పుడు ఆమెకు వినిపించేది, ఆమె కుడుతుంటే మిషను చప్పుడు నాకు వినిపించేది. ఇరవై రెండేళ్ళు ఆ కొట్టులోనే కుట్టింది. కరెంటు మోటారు బిగించిన మిషను, కింద ఇనుప పెడల్. నొక్కితే పరుగు, వదిలితే ఆగిపోవడం. సూది వేలి దగ్గరకు వస్తే బుర్ర ఆలోచించే లోపే పాదం పైకి లేచిపోయేది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సూది దిగలేదు పోస్టుమాస్టరుగారూ" అని పది వేళ్ళూ చాపి చూపించేది. అంతగా అలవాటైన ఆ పాదమే చివరికి ఆమె కొంప ముంచేలా తయారైంది.

ఆమె భర్త బడిలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి. గట్టిగా మాట్లాడితే సీసాలు పగులుతాయేమో అన్నట్టు మాట్లాడేవాడు. రెండు కిడ్నీలూ చేతులెత్తేసి అప్పటికి ఏడాదిన్నర. వారానికి రెండుసార్లు బస్సులో పట్నం ఆసుపత్రికి వెళ్ళి, నాలుగు గంటలు డయాలిసిస్ మిషను పక్కన పడుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. రోజుకి మూడు గ్లాసుల నీళ్ళకి మించి తాగకూడదు. ఆ గ్లాసులు కొలిచే పని ఆయన అక్కది. ఆవిడకి పెళ్ళి కాలేదు, తమ్ముడితోనే ఉండేది. టైలరమ్మకి వదిన. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది.

ఆ ఏడు వానలకి కొండ జారి రోడ్డు మీద పడింది. పడింది అనడం తప్పు, రోడ్డునే తనతో లోయలోకి తీసుకుపోయింది. బాగుచేయడానికి ఐదు నెలలు పడుతుందన్నారు. చెప్పినవాళ్ళే నమ్మినట్టు కనబడలేదు.

మొదటిసారి నలుగురం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ కొండ చుట్టూ తిరిగి వెళ్ళాం. ఆరు గంటలు పట్టింది. పట్నంలోనే గది తీసుకుని ఉందామంటే, ఇళ్ళు పోయినవాళ్ళతో ఊరంతా నిండిపోయి ఉంది. ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని పదకొండు రోజులు ఉన్నారు ముగ్గురూ. పన్నెండో రోజుకి ఆయన మెడకి పెట్టిన గొట్టం దగ్గర చీము పట్టి చలిజ్వరం వచ్చింది. డాక్టరు చూసి, "ఈ జనంలో ఉంచితే కిడ్నీ జబ్బు కాదు, జ్వరమే చంపేస్తుంది. ఇంటికి తీసుకెళ్ళండి. కానీ వారానికి రెండుసార్లు మాత్రం తీసుకురావాల్సిందే" అన్నాడు. తీసుకెళ్ళమన్నాడు, తీసుకురమ్మన్నాడు. ఎలాగో చెప్పలేదు. మళ్ళీ కుర్చీ మోతే మొదలైంది.

మా ఊరి వెనక నుంచి పట్నం రేవు దాకా ఏరు ఉంది. ఉరవడి ఎక్కువ, లోతు తక్కువ. చాలాచోట్ల మోకాలు కూడా తడవదు. రెండు మైళ్ళు దిగితే ఏటికి అడ్డంగా రాళ్ళ వరస ఉంటుంది, దాన్ని మేం కోరలు అంటాం. టైలరమ్మ అర్జీ పెడితే తాలూకా ఆఫీసువాళ్ళు ఒక మోటారు బోటు పంపారు. కోరల దగ్గర దాని అడుగున తిరిగే ఫ్యాను రెక్కలు విరిగాయి. వారం తరవాత, కాలినడకన వచ్చే టపా సంచిలో ఒక కాగితం వచ్చింది, ఈ ఏటిలో బోటు నడవదని. నా చేత్తోనే ఆమెకి ఇచ్చాను.

ఆమె నిలబడే చదివి, "ఫ్యాను లేని బోటు ఉండదా?" అని అడిగింది.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఉంది. పట్నం రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే మేస్త్రి ఒకడు ఆమెకి చెప్పాడు. ఎవరో సరదాకని జెట్ బోటు కొని, మొదటి వారంలోనే రెండుసార్లు గట్టుకి గుద్ది, పరదా కప్పి షెడ్డులో పడేశాడట. టైలరమ్మ కొట్టూ మిషనూ అమ్మేసి దాన్ని కొనేసింది. ఈత రాని మనిషి.

"ఎవడో సరదాకి కొని భయపడి వదిలేసినదాన్ని మనం భయంతో కొని ఏం చేస్తామే?" అంది వదిన.

"నడుపుతాం" అంది టైలరమ్మ. అంతకుమించి ఆమెకేం తెలుసని.

మేస్త్రే దాన్ని ఏటికి ఎదురు నడుపుకుంటూ తీసుకొచ్చాడు. నేర్పడానికి నాలుగు రోజులు ఉంటానన్నాడు. నల్లటి పొట్టి మనిషి, కుడి చేతికి మూడే వేళ్ళు. మా ఊరి రేవులో నడుముల్లోతు నీళ్ళలో బోటు ఆపి, ఆమెని సీట్లో కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. టపా సంచులు అందులో వెళ్తాయని నేను కూడా అక్కడే ఉన్నాను.

"అమ్మా, దీనికి ఫ్యాను లేదు, చుక్కాని లేదు. కింద జల్లెడలోంచి నీళ్ళు పీల్చి వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది. ఆ చిమ్మేదాన్ని అటూ ఇటూ తిప్పితేనే పడవ తిరుగుతుంది. చిమ్మడం ఆగిందా, నీ చేతిలో స్టీరింగు ఉండి కూడా లేనట్టే."

"మరి బ్రేకు?"

"లేదు. ఈ లివరు దించితే వెనక మూత పడి నీళ్ళు ముందుకి తిరుగుతాయి. అదే రివర్సు. సగం దించితే నిలబడినట్టు ఉంటుంది. నిలబడదు. నువ్వు అటు చూసేసరికి ఇటు జరుగుతుంది."

"మా పెద్దమ్మ లాంటిదన్నమాట" అంది గట్టు మీంచి వదిన. "కూర్చున్నచోటే ఉన్నట్టుండి ఇల్లంతా తిరిగొచ్చేది."

మేస్త్రి నవ్వలేదు. బోటుకి వేగం పెంచే కాలి పెడల్ ఉంది. పాత యజమాని అలా పెట్టించుకున్నాడట. అది చూడగానే టైలరమ్మ మొహంలో అన్ని రోజుల తరవాత కొంచెం రక్తం కనబడింది. పెడల్ ఆమెకి తెలిసిన వస్తువు.

అక్కడే బెడిసికొట్టింది. రేవు వైపు నడిపించమన్నాడు. బాగానే వచ్చింది. రాతిమెట్లు దగ్గరయ్యేసరికి ఆమె పాదం పైకి లేచింది. స్టీరింగు పూర్తిగా తిప్పేసింది, బోటు మాత్రం ఆమె మాట విననట్టు నేరుగా వెళ్ళి మెట్లని కొట్టింది. రెండోసారి అదే. మూడోసారి అదే. ఐదోసారి ముందు భాగం సొట్టపోయింది, ఆమె నుదురు అద్దానికి తగిలి బొప్పి కట్టింది.

"కాలు తీయకమ్మా!" అని అరిచాడు మేస్త్రి. "కొంచెం నొక్కు, వదులు, మళ్ళీ కొంచెం నొక్కు. తిప్పాలనుకున్నప్పుడు మాత్రం కాలు కిందే ఉండాలి."

"గుద్దుకుంటానని తెలిసీ నొక్కమంటారా?"

"నొక్కకపోతే గుద్దుకుంటావు గనక నొక్కమంటున్నా."

రెండో రోజు లోతు తక్కువ చోట్ల గురించి చెప్పాడు. వేగంగా పోతే బోటు నీళ్ళ మీద తేలుతుంది, జానెడు నీళ్ళు చాలు. నెమ్మదిస్తే కడుపు కిందికి దిగుతుంది. రాళ్ళు కనబడ్డాయని నెమ్మదిస్తే ఆ రాళ్ళ మీదే కూర్చుంటుంది. మోకాల్లోతులో ఇంజను వేస్తే గులకరాళ్ళు పీల్చి లోపల నమిలేసుకుంటుంది, అందుకని నడుముల్లోతు దాకా గెడ వేసి తొయ్యాలి. జల్లెడకి నాచు పడితే ఇంజను అరుస్తుంది గానీ బోటు కదలదు.

"అప్పుడు ఇంజను ఆపు. తాళం తియ్యి. జేబులో వేసుకో. ఆ తరవాతే మూత తెరిచి చెయ్యి పెట్టు." మూడు వేళ్ళ చెయ్యి ఆమె మొహం ముందు పెట్టాడు. "తాళం పక్కవాళ్ళకి కూడా ఇవ్వకు. నేను ఇచ్చాను."

అవన్నీ ఆమె ఒక్కసారి వినగానే పట్టేసింది. కాలొక్కటే మాట వినలేదు. మూడో రోజు సాయంత్రం ఆమె ఇంటికెళ్తే వింత చూశాను. కుర్చీలో కూర్చుని, పాదం కింద చెక్కముక్క పెట్టుకుని, వదిన చేత మొహం మీదికి తడి తువ్వాలు విసిరించుకుంటోంది. తువ్వాలు వచ్చినప్పుడల్లా పాదం లేస్తోంది. "మళ్ళీ వెయ్యి వదినా." మళ్ళీ. ఇద్దరి బట్టలూ తడిసిపోయాయి. మంచం మీంచి ఆయన చూస్తున్నాడు. అప్పటికే కాళ్ళు బూరెల్లా ఉబ్బాయి, పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంటున్నాడు. మోసేవాళ్ళు దొరక్క ఒకసారి డయాలిసిస్ తప్పిపోయింది.

"తువ్వాలు ఎన్నిసార్లు విసిరారు?" అని అడిగాను.

"అరవై దాటింది" అంది వదిన. "ఆరుసార్లు కాలు కదపలేదు. ఏడోది కూడా కలపొచ్చు, నేను గురి తప్పాను."

నాలుగో రోజుతో మేస్త్రి వెళ్ళిపోయాడు. అతని పనులు అతనికి ఉన్నాయి, ఎన్నాళ్ళని ఉంటాడు. ఐదో రోజు పొద్దున ఆయన్ని బోటులో దుప్పటి మీద కూర్చోబెట్టాం. తల దగ్గర వదిన, ముందు రాళ్ళు చూసి చెప్పడానికి గెడకర్ర పట్టుకుని నేను. టైలరమ్మ గెడ వేయించి, నడుముల్లోతు వచ్చాక తాళం తిప్పింది. రెండు మైళ్ళు బాగానే నడిపింది. నాకు ధైర్యం కూడా వచ్చింది.

కోరలు కనబడ్డాయి. "ఎడమ సందులోంచి" అని అరిచాను. ఆమె తిప్పింది, తిరిగింది. సందులో నీళ్ళు తెల్లగా ఉడుకుతున్నాయి, పక్కనే తలుపంత నల్లటి రాయి. అది మీదికి వస్తున్నట్టే ఉంటుంది ఎవరికైనా. ఆమె పాదం లేచింది. బోటు ఒక్కసారిగా బరువెక్కి, అడ్డం తిరిగి, పక్కతో రాయిని కొట్టి ఆగిపోయింది. వదిన మొహం అంచుకి తగిలి ముందు పళ్ళు రెండు ఊడాయి. ఏటి మధ్యలో, పిక్కల్లోతు నీళ్ళలో, నలుగురం ఒక రాయి మీద కూర్చున్న కప్పల్లా ఉండిపోయాం.

ఎవరూ తిట్టలేదు. వదిన నోట్లో రక్తం నీళ్ళలోకి ఉమ్మి, "లోతు లేదు, మునగం. దిగి తొయ్యండి" అంది. గంటన్నర తోశాం. ఆసుపత్రి చేరేసరికి ఆయన మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నర్సు బతిమాలించుకోకుండానే సాయంత్రం చివరి వంతులో పెట్టింది. ఆ రాత్రి వరండాలోనే పడుకుని పొద్దున ఏటికి ఎదురు నడుపుకుంటూ ఇంటికొచ్చాం. ఎదురు వెళ్ళడం తేలిక, ఏరే బ్రేకు వేస్తూ ఉంటుంది.

మూడు రోజుల తరవాత మళ్ళీ వెళ్ళాల్సిన పొద్దున ఆయన మంచం దిగనన్నాడు.

"నేను రాను."

"లేవండి, ఆలస్యమవుతుంది."

"అక్క పళ్ళు పోయాయి. ఇవాళ ఇంకేం పోతుందో. నా ఒక్కడి కోసం ముగ్గురు ఏట్లో పడతారా? ఈ ఆట ఆపుదాం. నాకు ఓపిక లేదు."

"మీకు ఓపిక ఎవరు కావాలన్నారు? కూర్చుంటే చాలు."

"నువ్వు నడపలేవే" అన్నాడాయన, ఆ మెత్తటి గొంతుతోనే. "నడపలేకపోవడం తప్పేం కాదు. నన్ను వదిలెయ్యి."

ఆమె బయటికొచ్చి, మా గోడ పక్కన, ఖాళీ అయిపోయిన తన కొట్టు మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. నేను టీ ఇస్తే తీసుకుని చల్లారబెట్టి పారబోసింది. "ఆయన అన్నది నిజమే పోస్టుమాస్టరుగారూ. నా వల్ల కాదు. కాకపోతే నాకు ఇంకో దారి తెలీదు" అంది. ఆమె ఏడవడం నేను చూడలేదు. ఏడిస్తే నాకు తేలిగ్గా ఉండేది.

అలా ఇంకోసారి తప్పిపోయింది. మరుసటి రోజుకి ఆయనకి మాట తడబడటం మొదలైంది. అక్కని అమ్మా అని పిలిచాడు. రానని చెప్పే శక్తి కూడా పోయాక, ఆ తరవాతి పొద్దున మేమే ఎత్తి బోటులో వేశాం. పైన ఎక్కడో వాన పడినట్టుంది, నీళ్ళు బురదగా ఉన్నాయి. రాళ్ళు కనబడవు, వాటి మీద నీళ్ళు లేచే తీరు చూసి పోల్చుకోవడమే.

కోరలకి వంద గజాల దూరంలో ఉండగా వెనకనుంచి వదిన కేక వేసింది.

"తమ్ముడు పలకట్లేదు! ఒరేయ్! ఒరేయ్! కళ్ళు తేలేశాడే! ఆపు! బోటు ఆపవే!"

నేను వెనక్కి తిరిగాను. నేను చూడాల్సింది ముందుకి, అయినా తిరిగాను. ఆయన తల అక్క ఒళ్ళో ఒకవైపు వాలిపోయి ఉంది. వదిన టైలరమ్మ వీపు మీద పిడికిళ్ళతో గుద్దుతోంది. నా కళ్ళు ఎందుకో ఆమె పాదం మీదికి వెళ్ళాయి. మడమ వణికింది. కొద్దిగా లేచింది. ఇంజను గొంతు తగ్గింది, బోటు ముక్కు కిందికి దిగింది. ఇక అయిపోయిందనుకున్నాను.

పాదం మళ్ళీ దిగింది. పూర్తిగా, నేలకి ఆనేదాకా.

"ముందు చూడండి!" అని నా మీద అరిచింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తిరిగి చూసేసరికి సందు మా మీదికి వచ్చేసింది. "ఎడమ! ఎడమ!" అన్నాను. ఆమె తిప్పింది, బోటు తోక విసురుగా జారింది, నల్లరాయి నా మోచేతికి జానెడు దూరంలో వెళ్ళిపోయింది. కింద ఏదో గీసుకున్న చప్పుడు. దాటాం. ఆమె వెనక్కి తిరగలేదు. దాటాక కూడా తిరగలేదు. వదిన ఆమెని ఆపకుండా తిడుతూనే ఉంది, ఇక్కడ రాయలేని మాటలు. తిడుతూనే తమ్ముడి గుండె మీద రెండు చేతులతో నొక్కుతోంది, ఎవరూ నేర్పకుండానే. పావుగంట అలా సాగింది.

పట్నం రేవులో ఆమె కొంచెం నొక్కి, వదిలి, లివరు సగం దించి, బోటుని మెట్ల పక్కన మెత్తగా ఆనించింది. దేన్నీ గుద్దకుండా ఆమె రేవు పట్టడం అదే మొదటిసారి. అది చూసిన మేస్త్రి ఏదో అనబోయి, లోపల పడుకున్న మనిషిని చూసి, ఆయన్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు.

ఆయన బతికాడు. ఒంట్లో పేరుకున్న ఉప్పులకి గుండె లయ తప్పిందని, ఇంకో అరగంట అయితే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. నాలుగో రోజుకి మాట కుదుటపడింది. జరిగింది ఆయనకి వదినే చెప్పింది, నా ఎదురుగానే. "నువ్వు పోయావనే అనుకున్నాను. ఆపమని గుద్దాను. అది వెనక్కి తిరిగి కూడా చూడలేదు తమ్ముడూ." ఆయన విన్నాడు. భార్య వైపు చూశాడు. మజ్జిగ గ్లాసు అందుకున్నట్టు ఆమె చెయ్యి అందుకుని, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఐదు నెలలన్న రోడ్డు ఏడు నెలలు పట్టింది. రోడ్డు వచ్చేదాకా వారానికి రెండుసార్లు ఆమె ఆ కోరలు దాటింది. భయం పోయిందని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. పోలేదు, కోరలు వచ్చేముందు ఆమె మెడ నరాలు ఎలా బిగుసుకునేవో నాకు తెలుసు. నాచు పడి రెండుసార్లు ఆగిపోయాం. తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టింది. ఒకసారి జేబు మీద ఇంకో చెయ్యి వేసి పట్టుకుని మరీ.

రోడ్డు వచ్చాక ఆయన ఇంకో పద్నాలుగు నెలలు బస్సులోనే వెళ్ళి వస్తూ బతికాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని ఇక లేవలేదు. వదిన పెద్ద గొంతుతో ఏడ్చింది. టైలరమ్మ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళ చెప్పులు పక్కకి సర్దుతూ ఉండిపోయింది.

ఇప్పుడు ఏటి పొడుగునా ఐదారు జెట్ బోట్లున్నాయి. కొత్తగా కొన్నవాళ్ళని మేస్త్రి ఆమె దగ్గరికే పంపుతాడు. పాత మిషను ఒకటి కొనుక్కుని ఇంట్లోనే మళ్ళీ కుడుతోంది, బేరం లేని పూట వాళ్ళకి నేర్పుతుంది. మొదటి రోజు ఇంజనే వేయనివ్వదు. గెడతో తోయించి, ఏ రాయి పక్కన నీళ్ళు ఎలా లేస్తున్నాయో చూడమంటుంది. విసుక్కున్నవాళ్ళని పొమ్మంటుంది. ఒకాయన, మొన్న, తనకి కారు నడపడం ముప్పై ఏళ్ళుగా వచ్చని చెప్పాడు. "అదేనండీ మీ జబ్బు" అంది.

ఆ రోజు అతను వెళ్ళాక ఇద్దరం రేవు మెట్ల మీద కూర్చున్నాం. నాకు బదిలీ వచ్చింది, నెలాఖరుకి వెళ్ళిపోతున్నాను. అందుకేనేమో ఆమె మాట్లాడింది.

"కాలు నొక్కి పట్టడానికి ఎంత గుండె కావాలో అని అందరూ అంటారు. మీరూ అన్నారు."

"అన్నాను. నిజమే కదమ్మా."

"కాదు. వదిన అరిచినప్పుడు ఒక్క క్షణం ఆయన గుర్తొచ్చాడు, కాలు లేచింది. తరవాత దిగింది. దిగాక నా మనసులో ఆయన లేడు. ఆపుకుని తిరగకుండా ఉండటం కాదు పోస్టుమాస్టరుగారూ, తిరగాలనే అనిపించలేదు. రాళ్ళే ఉన్నాయి, నీళ్ళే ఉన్నాయి. వెనక ఎవరున్నారో నాకు గుర్తు లేదు." చీర కొంగు అంచు వేళ్ళ మధ్య నలిపింది. "వదిన ఆ మాట చెప్పినప్పుడు ఆయన నా వైపు చూశాడు. ఎందుకు చూడలేదు అని అడుగుతాడనుకున్నా. ఆయన పోయేదాకా ఎదురుచూశా. అడిగి ఉంటే చెప్పేసేదాన్ని."

కింద ఆమె బోటు తాడు బిగిసేదాకా జరిగి, మళ్ళీ వెనక్కి వస్తోంది. కాసేపటికి ఆమె లేచి, తాడు ముడి సరిచూసుకుని, కుట్టాల్సిన బట్టలున్నాయని ఇంటికి వెళ్ళిపోయింది.